తీరప్రాంతపు ఊరికి మారాలనుకునేవారికి: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: నేను బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఎన్నో ఏళ్లుగా హైదరాబాదు కూకట్‌పల్లిలో సొంత ఫ్లాటులో ఉంటున్నాం. అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, అమ్మాయి మియాపూర్‌లో ఉంది. ఈ ట్రాఫిక్కు, దుమ్ము భరించలేక ఫ్లాటు అమ్మేసి కోస్తాకు వెళ్లిపోవాలనుకుంటున్నాం. మా స్వగ్రామం భీమవరం పక్కనున్న ఉండి అనే ఊరి దగ్గర ఒక పల్లె. అన్నయ్య, వదిన అక్కడే ఉన్నారు. ఏటా సంక్రాంతికి వెళ్లినప్పుడల్లా తిరిగి రాబుద్ధి కాదు కాబట్టి భీమవరంలో ఇల్లు కొనాలని నా కోరిక. నా భార్య మాత్రం కాకినాడ అంటోంది, ఆమె చెల్లెలు అక్కడ స్థిరపడింది. ఆమెకు ఉబ్బసం ఉంది, సముద్రపు గాలి మంచిదని అందరూ చెబుతున్నారు. నాకు ఆమధ్య గుండెకు స్టెంటు వేశారు. రెండు ఊళ్లలో ఏది మేలు? ఉన్న ఫ్లాటు అమ్మి వెళ్లడం తెలివైన పనేనా?
ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, చాలాకాలంగా మీరు భీమవరాన్ని సంక్రాంతి రోజుల్లోనే చూస్తున్నారు. ఆ రోజుల్లో గోదావరి జిల్లాల్లో ఉక్క ఉండదు, కాలువల నిండా నీరు పారుతుంటుంది, దాళ్వా (రెండో పంట వరి) నాట్లతో చేలు పచ్చబడుతుంటాయి, ఎక్కడెక్కడో ఉన్న అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పిల్లాపాపలతో దిగుతారు. ఆ నాలుగు రోజులు చూసినవారికి ఎవరికైనా అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. కనుమ దాటిన వారానికి అదే వీధిలో నడిచి చూడండి. కార్లన్నీ వెళ్లిపోయి ఉంటాయి, చాలా ఇళ్ల గేట్లకు తాళాలు కనిపిస్తాయి, అరుగుల మీద మీకంటే పెద్దవాళ్లు ఒకరిద్దరు కూర్చుని ఉంటారు. మీరు కాపురం ఉండబోయేది ఆ ఊళ్లో. అందుచేత ఏ ఊరు అన్నదానికంటే ముందు, ఆ ఊరిని ఏ నెలలో చూసి నిర్ణయం తీసుకోవాలన్నది తేల్చుకోండి. మా అభిప్రాయంలో కోస్తా ఊరిని మే నెలలో ఒకసారి, అక్టోబరు, నవంబరు నెలల్లో ఒకసారి చూడనిదే చూసినట్టు కాదు.

మే నెల సంగతి ముందు చెబుతాం, ఎందుకంటే నీటి సమస్య అప్పుడే బయటపడుతుంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసినప్పటి నుంచి డెల్టాలో సాగుకూ తాగడానికీ కాలువలే ఆధారం. దాళ్వా పంట చేతికొచ్చాక మరమ్మతుల కోసం సాధారణంగా ఏప్రిల్‌లో కాలువలు కట్టేసి, తిరిగి జూన్‌లో నీరు వదులుతారు. ఈ మధ్యకాలమంతా పల్లెలూ పట్టణాలూ ముందుగా నింపి పెట్టుకున్న చెరువుల మీదే నెట్టుకురావాలి. భీమవరం పరిసరాల్లో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పన, పైగా చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. బోరు వేసుకుంటే సరిపోతుందన్న ధీమా అక్కడ పనికిరాదు. ఈ సంగతి మీ అన్నగారికి ఎవరూ చెప్పనక్కరలేదు, ఆయన్నే అడగండి. అలాగని కాకినాడకు ఈ బెడద లేదని కాదు. అక్కడా కుళాయిలో వచ్చేది కాలువ ద్వారా తెచ్చి నిల్వ చేసిన గోదావరి నీరే, సముద్రానికి దగ్గరగా ఉన్న పేటల్లో బోరు నీరు అక్కడా ఉప్పగానే ఉంటుంది.

కాబట్టి ఊరిపేరును బట్టి కాక వీధిని బట్టి విచారించండి. ఇల్లు చూడటానికి వెళ్లిన మగవాళ్లు గజం ధర అడిగి వచ్చేస్తారు, నీళ్లు ఎన్ని గంటలకొస్తాయో అడిగేది ఆడవాళ్లే. మే రెండో పక్షంలో మీ శ్రీమతి గారిని వెంటబెట్టుకుని వెళ్లి, ఆ వీధిలో నాలుగు గడపలు తొక్కి, కుళాయి రోజూ వస్తుందా, రోజు విడిచి రోజా, ఎంతసేపు వస్తుంది, సంపు నిండుతుందా, వంటకు కూడా డబ్బా నీళ్లు కొనుక్కుంటున్నారా అన్నది తెలుసుకోండి. స్నానాలగదిలో కుళాయిల మూతి చుట్టూ తెల్లటి ఉప్పు పొర గట్టిగా పేరుకుని ఉంటే, ఆ ఇంటి నీరు ఎలాంటిదో ఇంటి యజమాని చెప్పకపోయినా అర్థమవుతుంది.

ఉబ్బసం విషయంలో ఒక మాట. సముద్రపు గాలి మందులాంటిదన్న నమ్మకంతో మాత్రం ఊరు మారకండి. హైదరాబాదు దుమ్మూ పొగా తగ్గితే ఆమెకు మేలు కలగవచ్చు, కాదనం. అయితే కోస్తాలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో తేమ హెచ్చుగా ఉంటుంది. గోడలకు చెమ్మ దిగి బూజు పడుతుంది, పరుపుల్లో కంటికి కనిపించని దుమ్ము పురుగులు పెరుగుతాయి, ఈ రెండూ ఉబ్బసాన్ని రేపేవే. ఇక వేసవిలో మధ్యాహ్నం సముద్రం మీది గాలి తిరిగితే ప్రాణం లేచి వస్తుంది కానీ, పడమటి గాలి బలంగా ఉండి అది తిరగని రోజున వడగాలి, ఉక్క రెండూ కలిసి మనిషిని కుదేలు చేస్తాయి. కాకినాడలో ఓడరేవు, ఎరువుల కర్మాగారాలు ఉన్నాయి కనుక వాటికి దగ్గరి పేటలు ఆమెకు తగవు. ఆమెను చూస్తున్న వైద్యుడితో ముందుగా మాట్లాడి, అక్కడ కొన్ని వారాలు ఉండి చూశాకే ఆ గాలి ఆమెకు పడుతుందో లేదో తేల్చుకోవాలి. చెల్లెలి ఇల్లు ఉంది కాబట్టి ఇది మీకు కష్టం కాదు.

ఇక తుపానుల కాలం. మిమ్మల్ని భయపెట్టడం మా ఉద్దేశం కాదు, కోట్లమంది ఆ తీరంలోనే జీవిస్తున్నారు. కానీ ఏళ్లకొద్దీ ఊరికి దూరంగా ఉన్నవారు తుపానును టీవీలో వార్తగా చూసి మరచిపోతారు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని నేరుగా తాకి, అంత పెద్ద నగరాన్ని రోజుల తరబడి కరెంటు లేకుండా చేసింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది, అది మీ స్వగ్రామానికి ఎంత దగ్గరో మీకు తెలుసు. కాకినాడకు ఎదురుగా హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ అడ్డుగా ఉండటం వల్ల అక్కడి రేవుకు అలల తాకిడి తక్కువ, అయితే ఆ దిబ్బ గాలిని గానీ వానను గానీ ఆపలేదు. కనుక నేల అంతస్తు వద్దు. లిఫ్టు ఉన్న భవనంలో మొదటి అంతస్తో రెండో అంతస్తో చూసుకోండి, లిఫ్టు ఆగిపోయినా మీరిద్దరూ మెట్లు దిగగలగాలి. గత వానాకాలంలో ఆ వీధిలో నీరు ఎంతమేర నిలిచిందో ఎదురింటివారిని అడగండి. స్టెంటు ఉన్నవారు వాడే మాత్రలు ఒక్కరోజు కూడా ఆగకూడదు, అందువల్ల అక్టోబరు, నవంబరు నెలల్లో కనీసం మూడు వారాలకు సరిపడా మందులు ఇంట్లో ఉంచుకోండి. మీ శ్రీమతి గారి ఇన్‌హేలర్ విషయంలోనూ అంతే.

ఇల్లు చూసేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. సన్‌షేడ్ల అడుగున, బాల్కనీ స్లాబు కింద తలెత్తి చూడండి. గోధుమరంగు తుప్పు గీతలు దిగి, సిమెంటు పెచ్చులూడి, లోపలి ఇనుప చువ్వ బయటపడి ఉంటే ఆ భవనం వయసు కాగితాల్లో ఎంత తక్కువున్నా ఆరోగ్యం బాగాలేదని అర్థం. కొత్తగా రంగు వేసి ఈ లోపాన్ని కప్పిన చోట వేలితో తట్టితే బోలుగా మోగుతుంది. కిటికీ గ్రిల్లులు, ఏసీ బయటి యంత్రం, గేటు బందులు ఎలా ఉన్నాయో కూడా చూడండి.

గుండె విషయంలో మాత్రం మా ఓటు స్పష్టంగా కాకినాడకే. అక్కడ 1958లో స్థాపించిన రంగరాయ వైద్య కళాశాల, దానికి అనుబంధంగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, వాటితోపాటు గుండెజబ్బులు చూసే ప్రైవేటు ఆసుపత్రులు ఊళ్లోనే ఉన్నాయి. భీమవరంలోనూ మంచి వైద్యులున్నారు, ఆ ఊరు జిల్లా కేంద్రమయ్యాక సౌకర్యాలు పెరుగుతున్నాయి కూడా. అయినా పరిస్థితి విషమిస్తే ఏలూరుకో రాజమహేంద్రవరానికో విజయవాడకో తీసుకువెళ్లడం అక్కడి కుటుంబాలకు అలవాటు. స్టెంటు వేసినవారికి రాత్రి పదకొండు గంటలకు ఛాతీలో నొప్పి వస్తే, ఆ దారిలో పోయే ప్రతి నిమిషానికీ విలువ ఉంది. మీ బ్యాంకు విశ్రాంత ఉద్యోగుల ఆరోగ్యబీమా పత్రం తీసి, నగదు చెల్లించకుండా చేర్చుకునే ఆసుపత్రుల జాబితాలో కాకినాడవి ఏవేవి ఉన్నాయో ముందుగా చూడండి. జాబితాలో లేకుంటే డబ్బు మొదట మీరే కట్టుకుని తరువాత బిల్లులు పంపాల్సి వస్తుంది.

ఇప్పుడు అడగడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా అడగక తప్పని ప్రశ్న. మీ ఇద్దరిలో ఒకరే మిగిలిన రోజున, ఆ ఒక్కరూ ఏ ఊళ్లో ఉండగలరు? మీ అన్నగారి ఊరు మీకు పుట్టిల్లు, ఆమెకు అత్తవారిల్లు. భీమవరంలో మీకు సాయంత్రం పూట కూర్చుని మాట్లాడటానికి చిన్ననాటి స్నేహితులున్నారు. పగలంతా ఇంట్లో ఉండి, నీళ్లూ పనిమనిషీ చూసుకుంటూ, ఎవరితోనైనా మాట కలపాలనుకునే ఆమెకు అక్కడ ఎవరున్నారు? కాకినాడలో చెల్లెలుంది. ఆ ఊరు తిన్నగా గళ్ల వరుసగా పోయే వీధులతో, ఒంటరి మనిషి సైతం ఆటోలో బజారుకూ ఆసుపత్రికీ వెళ్లిరాగలిగేటట్టు ఉంటుంది. సామర్లకోట, పిఠాపురం, ద్రాక్షారామం, అన్నవరం పొద్దున్నే బయలుదేరి దర్శనం చేసుకుని ఇల్లు చేరగల దూరంలో ఉన్నాయి. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి లింగంపల్లిలో దిగవచ్చు, అక్కడి నుంచి మియాపూర్‌లోని మీ అమ్మాయి ఇల్లు ఎంతో దూరం కాదు. మీ అన్నగారింటికి ఒక పూట ప్రయాణమే, సంక్రాంతికి ఇప్పటికంటే సులువుగా వెళ్లవచ్చు. ఈ విషయంలో ఆమె మాటకు మీ మాటకంటే ఎక్కువ విలువ ఇవ్వాలని మేము గట్టిగా అనుకుంటున్నాం, ఎందుకంటే ఊరు మారడంలోని రోజువారీ భారం చాలావరకు ఆమె మీదే పడుతుంది.

అయినా ఫ్లాటు ఇప్పుడే అమ్మవద్దు. దాన్ని అద్దెకిచ్చి, ఏప్రిల్‌లో మొదలయ్యేట్టుగా కాకినాడలో పదకొండు నెలల ఒప్పందం మీద ఇల్లు తీసుకోండి. అలా చేస్తే కాలువలు కట్టేసే కాలం, ఎండలు, తుపానుల కాలం అన్నీ ఆ ఒప్పందంలోపే వచ్చేస్తాయి. పన్ను లెక్క కూడా దీనికే అనుకూలం. పాత ఇల్లు అమ్మగా వచ్చిన దీర్ఘకాలిక మూలధన లాభంపై మినహాయింపు కావాలంటే, అమ్మిన తేదీ నుంచి 2 సంవత్సరాల్లో మరో ఇల్లు కొనాలి, లేదా 3 సంవత్సరాల్లో కట్టుకోవాలి. ముందే అమ్మేస్తే ఆ గడువు తరుముతుంటుంది, తొందరలో కొన్న ఇల్లు నచ్చినా నచ్చకపోయినా మీదే అవుతుంది. అమ్మకానికి ఏడాది ముందు కొన్న ఇంటికీ ఈ మినహాయింపు వర్తిస్తుంది కాబట్టి, అద్దె ఇంట్లో ఏడాది గడిచాక తీరికగా కొని, ఆ తరువాత కూకట్‌పల్లి ఫ్లాటు అమ్ముకోవచ్చు. లెక్కలు మాత్రం మీ ఆడిటరుకు చూపించి చేయండి.

ప్రశ్న: మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. ఇంటి నుంచే పని. ఏడేళ్ల పాప ఉంది. ఖమ్మం నుంచి విశాఖ వైపు మారాలని ఆలోచన. భీమిలి దగ్గర సముద్రం కనిపించే స్థలం ఉందని, భోగాపురం విమానాశ్రయం వల్ల ధర పెరుగుతుందని, ఈ నెలలోనే బయానా ఇమ్మని మధ్యవర్తి తొందరపెడుతున్నాడు. ఇవ్వమంటారా?
ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఈ నెలలో ఇవ్వవద్దు. సముద్రం కనిపించే స్థలమన్న మాటలోనే మీరు జాగ్రత్తపడవలసిన విషయం ఉంది. తీరప్రాంత క్రమబద్ధీకరణ మండలం (సీఆర్‌జడ్) నిబంధనల ప్రకారం గరిష్ఠ పోటు రేఖ (పోటు సమయంలో సముద్రపు నీరు చేరే పైహద్దు) నుంచి కొంతమేర కొత్తగా ఇల్లు కట్టనివ్వరు. 2011 నోటిఫికేషన్‌లో గ్రామీణ ప్రాంతాలకు ఇది 200 మీటర్లు. 2019 నోటిఫికేషన్‌లో జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ ప్రాంతాలకు 50 మీటర్లకు తగ్గించి, మిగిలిన గ్రామాలకు 200 మీటర్లే ఉంచారు. పట్టణంగా అభివృద్ధి చెందిన చోట్ల ఇప్పటికే ఉన్న రోడ్డుకు సముద్రం వైపున కొత్త కట్టడాలకు అనుమతి ఉండదు. పోటునీరు ఎక్కే నదీముఖాలకూ నిబంధనలున్నాయి, భీమిలిలో గోస్తనీ సంగమం ఉందని మరవకండి. మీకు చూపిన సర్వే నంబరు ఏ వర్గంలోకి వస్తుందో ఆమోదించిన తీరప్రాంత పటంలో చూసి తెలుసుకోవాలి, మధ్యవర్తి మాటతో కాదు. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఇంటి ప్లాను వస్తుందని అనుకోవద్దు, అవి రెండూ వేరువేరు కార్యాలయాల పనులు.

ఆ పైన మామూలు జాగ్రత్తలు: సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో, డి పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) ఏమో, ఎర్రమట్టి దిబ్బల రక్షిత పరిధిలోకి వస్తుందేమో, లేఅవుటుకు అనుమతి ఉందో లేదో చూడాలి. లింకు డాక్యుమెంట్లన్నీ (పాత యజమానుల దస్తావేజులు), ఈసీతో (ఆస్తిపై లావాదేవీలు, తాకట్టులు చూపే ధ్రువపత్రం) సహా, మధ్యవర్తికి సంబంధం లేని న్యాయవాదికి చూపించండి.

అంతకంటే ముఖ్యమైనది మీ పాప చదువు, మీ ఉద్యోగాలు. భీమిలి నుంచి విశాఖ నగరం నడిబొడ్డుకు పాతిక కిలోమీటర్లకు పైనే. మీరు ఎంచుకున్న బడి నగరంలో ఉంటే పాప రోజూ ఆ దారంతా పోయి రావాలి. ఇంటి నుంచి పనిచేసే వీలు ఎంతకాలం ఉంటుందో మీ ఇద్దరి సంస్థల నుంచీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. హైదరాబాదు ఆఫీసుకు వారానికి మూడు రోజులు రమ్మంటే ఖమ్మం నుంచి ఎలాగో సర్దుకోవచ్చు, భీమిలి నుంచి కుదరదు. బడి, ఇంటర్నెట్టు, నీరు మూడూ అందే చోట విశాఖలోనే అద్దెకు దిగి, ఒక విద్యా సంవత్సరం గడిచాక స్థలం గురించి ఆలోచించండి. విమానాశ్రయం అప్పటికీ అక్కడే ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మానాన్నలు ఉప్పాడ తీరంలో సముద్రానికి ఆనుకుని ఉన్న ఇంట్లో ఉంటున్నారు. సముద్రపు కోత ఇంటి దగ్గరికి వచ్చేసింది. నేను పిఠాపురంలో మెకానిక్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేయమంటే నాన్న ఒప్పుకోవడం లేదు. ఆయన ఇప్పటికీ ఇంజను బోటు మీద వేటకు వెళతారు, అమ్మ చేపలు అమ్ముతుంది. ఎలా ఒప్పించాలి?
ఒక పాఠకుడు, పిఠాపురం

జవాబు: మీ భయం న్యాయమైనదే. ఉప్పాడ తీరం ఏళ్ల తరబడి కోతకు గురవుతోంది. రోడ్డు ఎన్నోసార్లు దెబ్బతింది, రక్షణగా వేసిన గోడ కూడా అలల తాకిడికి నిలవలేదు. అయితే నాన్నగారి మాటలోనూ న్యాయం ఉంది. తెల్లవారుజామున బోటెక్కే మనిషి పిఠాపురంలో పడుకుంటే ఆ వేళకు ఒడ్డుకు చేరలేడు, అమ్మకూ వేలంపాట దగ్గర చేపలు కొని బుట్ట దించే చోటు దూరమైపోతుంది. వారిని పిఠాపురం రమ్మనడమంటే, వారికి తెలిసినంతవరకు, పని మానేయమనడమే. కాబట్టి మీ దగ్గరికి రమ్మనడం ఆపి, అదే ఊళ్లోనో కొత్తపల్లి వైపునో, సముద్రానికి దూరంగా, మెరకలో ఉన్న వీధిలో ఇల్లు చూడండి. వలలు, సామాను ఉంచుకోవడానికి చోటు ఉండాలి. ఒడ్డుకు నడిచో సైకిలు మీదో వెళ్లగలగాలి. పాత ఇంటిని వదులుకోమని ఇప్పుడే పట్టుపట్టకండి, పగటిపూట వచ్చి కూర్చోవడానికి అది ఉండనివ్వండి.

పింఛను, రేషను కార్డు ఏ సచివాలయం కింద ఉన్నాయో చూసి, ఇల్లు మారితే బదిలీ చేయించండి. కోత బాధితులకు ఇళ్ల స్థలాలు ఇచ్చే ప్రతిపాదన ఏదైనా ఉంటే అర్జీ వారి పేరుతోనే, వారి పాత ఇంటి ఆధారాలతోనే పెట్టాలి, కనుక ఆ ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఫొటోలు భద్రపరచండి.

ఒప్పించడానికి అనువైన కాలం వేట నిషేధపు రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఇంజను బోట్లు ఒడ్డునే ఉంటాయి, నాన్నగారికి తెల్లవారుజామున పరుగు ఉండదు. ఆ రెండు నెలలకని చెప్పి అద్దె ఇంట్లోకి మార్చండి. నిషేధం ముగిసి బోటు కదిలాక, కొత్త ఇంటి నుంచి ఒడ్డుకు వెళ్లిరావడం ఆయనకు కుదురుతోందో లేదో జూన్ నెలాఖరుకే తెలుస్తుంది. కుదరకపోతే ఇంకా దగ్గరగా మరో ఇల్లు వెతకడానికి, తుపానుల కాలం మొదలయ్యేలోపు మీకు మూడు నెలలు మిగులుతాయి.